అరవై రెండు

మా దీవుల్లో పసిపిల్లల బట్టల మీద నెలలుండవు,
సెంటీమీటర్లుంటాయి.
యాభై ఆరు, అరవై రెండు, అరవై ఎనిమిది.
సెంటీమీటర్లు నాకు కొత్త కాదు.
ఓడ మీద కొలబద్ద నా చేతిలోనే ఉంటుంది,
కాడ్ చేపను బల్ల మీద పరిచి
మూతి నుంచి తోక దాకా చూసి
అంకె పుస్తకంలో రాస్తాను.
ఏ చేప మొహమూ గుర్తుండదు.

మొన్న రాత్రి క్లాక్స్‌విక్ రేవులో దిగాను,
రెండు ట్రిప్పులు కలిపి నాలుగు నెలలకు.
పొద్దున్నే రాన్‌వా పని చెప్పింది:
"అల్మారా సర్దు. పట్టనివన్నీ డబ్బాల్లోకి.
శనివారం బెయింతా వస్తుంది,
ఏప్రిల్లో పురుడు దానికి."

నేల మీద కూలబడ్డాను.
కిటికీ మీద వాన అడ్డంగా కొడుతోంది.

యాభై ఆరు నాకు తెలుసు.
ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు తొడిగిన పసుప్పచ్చది,
చేతులు లోపలే ఉండిపోయి
ఖాళీ కొసలు వేలాడేవి.
వాటి బొత్తాలు నా బొటనవేలికి లొంగేవి కావు.
ఒకటి తప్పి పెడితే చివరికి ఒకటి మిగిలేది.
మడిచాను, పెట్టాను, మూత వేశాను.

తర్వాతది అరవై రెండు.
ఈ కుప్పతో నాకు పరిచయం లేదు.
మోకాళ్లు అరగని ఎర్ర లాగు,
మెడ సాగిన ఉన్ని కోటు,
ఒక్క కాలికే మిగిలిన మేజోడు.
నేల మీద పరిచి జానతో కొలిచాను:
రెండున్నర జానలు, పైన రెండు వేళ్లు.
ఇంత పొడుగున్న మనిషి ఈ ఇంట్లో తిరిగింది,
తిరగలేదు, పడుకుంది,
నేను చూడలేదు.
ఫోన్లో మొహమే కనిపించేది.
మొహానికి ఏ అంకె వేయాలి?

నీలం చొక్కా గుండెల మీద
కారెట్ రంగు మరక.
వేలు పెట్టి రుద్దాను, ఉతికినా పోని మొండి మరక.
మొదటి ముద్ద అయ్యుంటుందనుకున్నాను.
ఉమ్మేసి నవ్విందో, ఏడ్చిందో,
ఎవరు తినిపించారో, ఏ పూటో.
ఆ రోజు నేనెక్కడ?
మంచు పట్టిన తాళ్లను సుత్తితో కొడుతూ ఉండుంటాను.
ఆ చొక్కా ఒళ్లో పెట్టుకుని
ఎంతసేపు కూర్చున్నానో.

రాన్‌వా కాఫీ తెచ్చి, చూసి,
"అదా? అది దీనిది కాదు.
ట్యూరి అక్క పంపిన మూటలోది.
ఆ మరక వాళ్ల ట్రోండూర్ గాడిది."

వాడికిప్పుడు ఆరేళ్లు.
పోయిన వేసవిలో నా బూటులో ఎండ్రకాయను వేశాడు.

"మరి దీనిదేది?"
కుప్పంతా కెలికింది, చాలాసేపు.
"ఏమో. అరవై రెండు మూడు వారాలే పట్టింది.
ఆ మూడు వారాలూ నిద్రే లేదు నాకు.
ఏం తొడిగానో, ఎప్పుడు విప్పానో..."
ఉన్ని కోటు కుడిచేతి అంచు మాత్రం
వెలుతురుకేసి పట్టి చూపించింది:
నమిలి నమిలి గట్టిపడ్డ పోగులు.
"ఇది మటుకు ఇదే."

అంచు ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
సబ్బు వాసన.

ఈలోగా సిల్యా పాకుతూ వచ్చి
యాభై ఆరు మూత లాగేసి
డబ్బాలోకి దిగి కూర్చుంది,
సర్దినవన్నీ ఒక్కొక్కటే బయటికి,
వల దులిపినట్టు.
వద్దనలేదు.
ఎత్తి, పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి
టేపు పట్టాను.
కాళ్లు నిలవనిస్తేగా,
రాన్‌వా మోకాళ్లు పట్టుకుంది.

డెబ్భై ఆరు.
ఒంటి మీదున్నది డెబ్భై నాలుగు.
లాగు అంచు దాటి
మడమలు రెండూ అప్పుడే బయట ఉన్నాయి.
నేను దిగింది మొన్న రాత్రే.